తిట్టిన ముప్పై రోజుల్లోగా

కాకినాడ కెరటాలు అనే మన ఫుట్‌బాల్ జట్టు ఆ ఏడు పద్దెనిమిది మ్యాచులాడి పదిహేడు ఓడిపోయింది. పద్దెనిమిదోది గెలిచింది. ఎలా గెలిచిందని మాత్రం అడక్కండి. అవతలి జట్టు బస్సు తుని దాటాక చెడిపోయి, వాళ్ళు మైదానానికి రాలేకపోయారు కాబట్టి గెలిచింది. ఎదుట మనిషన్నవాడు లేకపోయినా, ఆటకి ముందు కాళ్ళూ చేతులూ సాగదీసుకుంటున్న మన గోల్‌కీపరు గోవిందు చేతుల్లోంచి ఓ బంతి జారి గోల్లోకి వెళ్ళిందని కిట్టనివాళ్ళు చెప్పుకున్నారు. కిట్టనివాళ్ళంటే ఎవరో కాదు, అభిమానులే.

ఈ అభిమానులు సాయంత్రం ఐదయ్యేసరికి మైదానం గేటు పక్కనున్న బుల్లియ్య టీ కొట్టు దగ్గర చేరతారు. అక్కడ ఎవరు ఎవర్ని తిట్టాలో ఎప్పుడో పంపకాలైపోయాయి. ట్యూషన్లు చెప్పే కామేశం మాస్టారి వాటాకి కోచ్ వచ్చాడు. బట్టల కొట్టు సుబ్బారాయుడికి బ్యాకులు నలుగురూ వచ్చారు. గోల్‌కీపరూ, ఫార్వర్డులూ నూకరాజు వాటా. ఒకరి వాటాలో ఇంకొకరు వేలు పెట్టడం మర్యాద కాదు. సుబ్బారాయుడు ఓసారి నోరు జారి గోవిందుని ఏదో అన్నందుకు నూకరాజు వారం రోజులు అతనితో మాట్లాడలేదు.

నూకరాజు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. పన్నెండేళ్ళలో ఒక్క మ్యాచు తప్పలేదు. తన పెళ్ళినాడు కూడా భోజనాలవగానే చెయ్యి కడుక్కుని వచ్చి సెకండ్ హాఫ్ చూసి వెళ్ళాడు. ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ రోజు చివరి నిమిషంలో పోయిన గోలుని ఆయనా మర్చిపోలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, బుల్లియ్య కొట్టు దగ్గర లెక్క వేరు. అక్కడ నోరెంత పెద్దదైతే ప్రేమంత పెద్దదని అర్థం. నూకరాజు నోరు విప్పితే జగన్నాథపురం వంతెన మీద రిక్షాలు ఆగి వినేవి.

సీజను ముగిసిన వారానికి పిడుగులాంటి కబురొచ్చింది. జట్టుని నడిపేది తీర క్రీడా వికాస సంస్థ. దానికి పైనుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే సీజన్లో కూడా జట్టు అట్టడుగునే ఉంటే జట్టుని రద్దు చేసి, మైదానాన్ని బస్సుల గ్యారేజీకి ఇచ్చేస్తారట.

"గ్యారేజీయా?" అన్నాడు నూకరాజు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. "ఆ గోలుపోస్టుల మధ్య బస్సులు కడుగుతారా?"

"కడిగితే కడిగేరు గానీ, గోవిందు నించున్నప్పటికంటే అక్కడ బస్సు నించుంటేనే నయం కదండీ. ఒక్క గోలన్నా ఆపుద్ది," అన్నాడు బుల్లియ్య టీ వడకడుతూ.

"మనకి కావాల్సింది ఎటాకు!" అన్నారు కామేశం మాస్టారు. "కోచ్ పదిమందినీ మన గోల్లోనే కాపలా పెడుతున్నాడు. ఎప్పుడు చూసినా కునికిపాట్లు పడతాడు మనిషి. ముందుకెళ్ళి కొట్టకపోతే గోలెలా పడుద్దండీ?"

"ఎటాకా, మీ తలకాయా? కాపలా పెడితేనే నాలుగేసి గోల్స్ పడుతున్నాయి. కావాల్సింది డిఫెన్సండి బాబూ," అన్నాడు సుబ్బారాయుడు.

"ఇద్దరూ ఉండండెహె," అన్నాడు నూకరాజు. "మనకి కావాల్సింది గోల్‌కీపరు. వాడెక్కడో లేడు, మన బెంచీ మీదే ఉన్నాడు. ధనరాజు."

ధనరాజు ఉప్పాడ మనిషి, పాతికేళ్ళవాడు. పడవ మీదనుంచి గట్టు మీదకి విసిరే చేపల బుట్టలు పట్టుకుని పట్టుకుని ఆ చేతులు అలా తయారయ్యాయి. మూడేళ్ళుగా జట్టులో ఉన్నాడు గానీ ఒక్క మ్యాచూ ఆడలేదు. గోవిందు సీనియరు కదా. ప్రాక్టీసులో ధనరాజు బంతులు పట్టడం చూసి నూకరాజు కళ్ళు చెమర్చిన రోజులున్నాయి. "ఈడొక్కడు నించుంటే చాలు, మన మైదానం మనకుంటాది," అనేవాడు.

సరిగ్గా ఆ సమయంలోనే సంస్థ ఎండీ సదాశివ ప్రసాదు గారు బెంగుళూరులో మూడు రోజుల శిక్షణా శిబిరానికి వెళ్ళొచ్చారు. ఆయన ఆ పదవిలోకి వచ్చి రెండేళ్ళయింది. మ్యాచు చూడ్డానికి తీరిక చిక్కలేదు. శిబిరంలో ఆయనకి జ్ఞానోదయమైంది: సంస్థకి అభిమానే దేవుడు. అభిమాని మాటే ఉత్తర్వు. మర్నాడే ఆయన టీ కొట్టు ముందు షామియానా వేయించి మైకు పట్టుకున్నారు.

"ప్రియమైన భాగస్వామ్య పక్షాలారా! జట్టు లోటుపాట్ల మీద, రానున్న సీజను అవసరాల మీద మీరు ఇంతవరకు వెలిబుచ్చిన అమూల్యమైన అభిప్రాయాలు గాలిలో కలిసిపోయినందుకు సంస్థ తీవ్రంగా చింతిస్తున్నది. ఇకపై ఈ కేంద్రంలో అభిమాని నోట వెలువడిన ప్రతి మాటనూ నమోదు చేసి, నంబరు కేటాయించి, ముప్పై రోజుల్లోగా దానిపై చర్య గైకొనబడును. ఏ అభిప్రాయానికీ, ఏ అధికారికీ మినహాయింపు లేదు!"

ఈలలు, చప్పట్లు. బుల్లియ్య కొట్టు నెత్తిన 'అధికృత అభిప్రాయ సేకరణ కేంద్రం' అని బోర్డు పడింది. ఓ బల్ల, కుర్చీ, లావుపాటి రిజిస్టరు, దాని వెనకాల లలితకుమారి గారు వచ్చి కూర్చున్నారు. ఆవిడ సంస్థలో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఒక్క కాగితం పారేసింది లేదు. ఆవిడ పెన్ను మూత తీసి, "చెప్పండి," అన్నారు.

చెప్పండి అంటే ఆగుతారా? పన్నెండేళ్ళ కసి! మొదటి సాయంత్రమే రెండొందల పన్నెండు అభిప్రాయాలు నమోదయ్యాయి. నూకరాజు ఒక్కడివే అరవై.

"ఆ గోవిందుకంటే గోలుపోస్టుకి తాటాకు తడిక కట్టినా నయం!" అన్నాడు. లలితకుమారి గారు రాశారు.

"ఆ ఫార్వర్డు వెధవ ఖాళీ గోల్లో కొట్టలేకపోయాడు. మా మేనత్తయితే కళ్ళు మూసుకుని కొడుతుంది!" అన్నాడు. ఆవిడ అదీ రాశారు.

"మేనత్త గారి పేరండీ?"

"అప్పలనరసమ్మ."

"వయసు?"

"అరవయ్యారు. ఎందుకండీ?"

"కాలమ్ ఉందండి," అన్నారావిడ.

ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట వెనకటికొకడు. ఆ ఒకడు ఏ సంస్థకి ఎండీయో తెలీదు గానీ, మన ఎండీ గారు మాత్రం పలుపుతాడు చేతబట్టుకుని తయారయ్యారు. ఆయన పనితీరుకి పైవాళ్ళు మార్కులు వేసేది మ్యాచులు చూసి కాదు, నూటికి ఎన్ని అభిప్రాయాలు పరిష్కారమయ్యాయో చూసి.

మొదట కోచ్ గారిని కునికిపాట్ల విషయమై ఆసుపత్రికి పంపారు. అక్కడ వారం రోజులు పడుకోబెట్టి, నిద్ర బాగానే పడుతోందని రాసిచ్చారు. తర్వాత ఎటాకు కావాలన్నవాళ్ళు నలభై ముగ్గురు, డిఫెన్సు కావాలన్నవాళ్ళు నలభై ముగ్గురు తేలారు. ఇద్దరి మాటా కొట్టెయ్యడానికి వీల్లేదు. అందువల్ల కింది విధంగా ఉత్తర్వు జారీ అయింది: సరి సంఖ్య గల తేదీల్లో జట్టు ఎటాకు చేయవలెను. బేసి తేదీల్లో డిఫెన్సు చేయవలెను. ముప్పై ఒకటో తేదీన అయోమయం కలిగినచో పై అధికారిని సంప్రదించవలెను.

గోవిందుని టికెట్ల కిటికీకి బదిలీ చేశారు. అతను సంతోషంగానే వెళ్ళాడు. గోలుకి తాటాకు తడికలు సరఫరా చేయుటకు టెండర్లు పిలిచారు. కొబ్బరాకు తడికలవాళ్ళు మాకెందుకు అవకాశం ఇవ్వరని కోర్టుకెళ్ళారు. ఆ వ్యవహారం తేలేదాకా గోల్‌కీపరు స్థానం ఖాళీగా ఉంచాలని కాగితం పుట్టింది.

ఇవన్నీ విని నూకరాజు కడుపుబ్బ నవ్వాడు. ఆ నవ్వు ఇంటికెళ్ళేదాకా కూడా నిలవలేదు. ఇంటి ముందు సంస్థ జీపు ఆగి ఉంది. అరుగు మీద మేనత్త అప్పలనరసమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఓ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూస్తోంది. పక్కన లలితకుమారి గారు మంచినీళ్ళు తాగుతున్నారు.

"ఏరా నూకరాజూ, ఇదేంట్రా? నాకు ఉజ్జోగం వచ్చిందంట!"

నూకరాజు కాగితం లాక్కుని చదివాడు. "శ్రీమతి అప్పలనరసమ్మ గారిని కాకినాడ కెరటాలు జట్టునందు సెంటర్ ఫార్వర్డుగా నియమించడమైనది. షరతు: అభిప్రాయంలో పేర్కొన్న విధంగా వీరు కళ్ళు మూసుకుని ఆడవలెను. గంతలు సంస్థ సరఫరా చేయును."

"ఇదేం పనండీ!" అన్నాడు నూకరాజు. "ఏదో కోపంలో అన్నానండి. మా అత్త బంతాట ఆడ్డమేంటండీ?"

"రికార్డయిందండి," అన్నారు లలితకుమారి గారు జాలిగా. "మీరే కొడుతుందన్నారు. నంబరు పద్దెనిమిది."

"రద్దు చెయ్యండి."

"రద్దు చెయ్యమనడం కూడా అభిప్రాయమే అవుద్దండి. దానికో నంబరేస్తాను. అదీ ఇదీ రెండూ అమలు చెయ్యాలి."

అప్పలనరసమ్మ కాగితాన్ని మళ్ళీ తీసేసుకుంది. "నువ్వుండరా. నా జన్మలో నన్నెవరన్నా పిలిచి పని ఇచ్చేరా? ఏమ్మా, చీర మీదే ఆడొచ్చా?"

"దుస్తుల మీద అభ్యంతరం ఏదీ రాలేదమ్మా," అన్నారు లలితకుమారి గారు.

"ఇంకేం! రేపు ఎన్నింటికి రమ్మంటావు?"

నెల తిరిగేసరికి కేంద్రం దగ్గర సందడి పలచబడింది. నోరు విప్పాలంటే అందరికీ హడలు పట్టుకుంది. సుబ్బారాయుడు ఓ బ్యాకుని "నీకు బుర్రుందా" అని అడిగితే ఆ బ్యాకుకి తల ఎక్సురే తీయించారు. కామేశం మాస్టారు పెదవులు బిగబట్టుకుని టీ తాగడం నేర్చుకున్నారు.

నూకరాజుకి మాత్రం ఒకటే దిగులు. సీజను మొదలు కావడానికి పదిహేను రోజులుంది. గోల్లో మనిషి లేడు. మొదటి రోజుల్లోనే అతను బుద్ధిగా, ఒక్క తిట్టూ లేకుండా ఓ అభిప్రాయం రాయించాడు: ధనరాజు బంగారంలాంటి గోల్‌కీపరు, అతన్ని ఆడించండి. అది ఏమైందో కనుక్కుందామని సంస్థ ఆఫీసుకి వెళ్ళాడు.

లలితకుమారి గారు ఫైలు తీశారు. "మూసేశామండి. 'మెచ్చుకోలు. చర్య అవసరం లేదు.'"

"అదేంటండీ! ఆడించమని కూడా అన్నాను కదా?"

"బంగారంలాంటివాడని ముందే అన్నారు కదండీ. అంతా బాగున్నచోట మేం చెయ్యి పెట్టకూడదు. లోపం ఉంటేనే చర్య." ఆవిడ గొంతు తగ్గించారు. "అసలు సంగతి వేరే ఉందండి. ఎవరూ ఒక్క మాటా తిట్టని సిబ్బంది అంటే అభిమానులకి ఆసక్తి లేనివాళ్ళని కొత్త సర్క్యులరు. మిగులు కింద తీసేస్తారు. ఈ నెలాఖరు జాబితాలో ధనరాజు పేరుంది. మా ఎండీ గారిని అడిగి చూడండి."

నూకరాజు ఆ మాటతోనే లేచాడు. నేరుగా ఎండీ గారి గదిలోకి దూసుకెళ్ళాడు.

ఎండీ గారు ఆప్యాయంగా లేచి చెయ్యి కలిపారు. "తమరేనా అరవై అభిప్రాయాల నూకరాజు గారు! తమవంటి చైతన్యవంతులైన పౌరుల వల్లనే మా పరిష్కార శాతం తొంభై ఒకటికి చేరుకున్నది."

"అయ్యా, మీకు దండం పెడతాను. ధనరాజుని తీసెయ్యకండి. వాడు లేకపోతే జట్టు లేదు, మైదానం లేదు."

"వ్యక్తిగత ఇష్టాయిష్టాలకు పాలనలో తావు లేదు నూకరాజు గారూ. గణాంకాలు చూడండి. గోవిందు గారి మీద నూట నాలుగు అభిప్రాయాలు. మెచ్చుకోలు మినహాయిస్తే ధనరాజు మీద సున్నా. ప్రజలు ఎవరి గురించి మాట్లాడుకుంటున్నారు? ప్రజాదరణ ఎవరికి ఉన్నట్టు?"

నూకరాజు దండం పెట్టిన చేతులు దించుకుని బయటికొచ్చేశాడు. పన్నెండేళ్ళలో ఎవర్నీ తిట్టకుండా వెనక్కి తిరగడం అదే మొదటిసారి. మెట్లు దిగుతుంటే అసలు లెక్క తేలింది. గోవిందుని నూరుసార్లు తిట్టి పెద్దవాణ్ణి చేసింది తనే. ఒక్క మాటా అనకుండా ధనరాజు పొట్ట కొట్టిందీ తనే.

ఆ సాయంత్రం ధనరాజుని వెతుక్కుంటూ మైదానానికి వెళ్ళాడు. ఆ అబ్బాయి ఒక్కడే గోడకి బంతి కొట్టుకుని పట్టుకుంటున్నాడు.

"తమ్ముడూ, నిన్ను తిట్టాలి," అన్నాడు నూకరాజు.

ధనరాజు బంతి పట్టుకుని నిలబడిపోయాడు. "నేనేం తప్పు చేసేనన్నా?"

"ఏమీ చెయ్యలేదు. అదే తప్పు." సంగతంతా చెప్పాడు.

ధనరాజు కాసేపు బంతిని చేతుల్లో తిప్పాడు. "మా నాన్న వేటకెళ్ళడం మానేసేడన్నా, నాకీ ఉజ్జోగం ఉందని. తిట్టన్నా. గట్టిగానే తిట్టు. కానీ ఆళ్ళు గోవిందన్నని పంపించినట్టు నన్నూ ఎక్కడికో పంపించేస్తారేమో కదా?"

నిజమే. పొరపాటున ఆటని తిడితే వాడి స్థానంలో ఏ తట్టో బుట్టో వచ్చి కూర్చుంటుంది. తిట్టాలి, కానీ ఆటని అనకూడదు. మనిషిని అనకూడదు. ఆ తిట్టుకి చర్య తీసుకుంటే ధనరాజు నేరుగా గోలుపోస్టు మధ్యకి రావాలి. అలాంటి తిట్టు కాకినాడలో ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు.

మర్నాడు బుల్లియ్య కొట్టు వెనకాల రహస్య సమావేశం జరిగింది. లలితకుమారి గారికి వినపడకుండా గుసగుసలాడుకున్నారు.

"లావుగా ఉన్నాడందామా?" అన్నారు మాస్టారు.

"సన్నబడేదాకా ఆసుపత్రిలో పెడతారు."

"పొగరందామా?"

"క్రమశిక్షణా సంఘం వేస్తారు. అది తేలేసరికి వాడు రిటైరవుతాడు."

బుల్లియ్య ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ విసుక్కున్నాడు. "ఏటండీ మీరు, గంటల తరబడి నా బెంచీ మీద కూచుని? నడ్డి విరిగిపోయిందండి దాందీ. లేచి ఎక్కడో ఖాళీ ఉన్నచోట నించోకూడదూ?"

నూకరాజు లేచి బుల్లియ్యని వాటేసుకున్నాడు. గ్లాసులు రెండు పగిలాయి.

ఐదు నిమిషాల్లో లలితకుమారి గారి బల్ల ముందు బారు తీరారు. నూకరాజు గొంతు సవరించుకుని, వంతెన మీదికి వినపడేలా అందుకున్నాడు. "ఆ ధనరాజున్నాడే! మూడేళ్ళనుంచి ఆ బెంచీ మీంచి లేవలేదు. జట్టు బెంచీ కాదా అది? వాడి బాబు బెంచీయా? అరగదీసేశాడు! వాణ్ణి తక్షణం ఆ బెంచీ మీంచి లేపి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ నించోబెట్టండి!"

వెనకాల ముప్పై ఏడుమంది అదే మాట ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. కొందరు ఆవేశంలో బెంచీకి లేని గుణాలు కూడా కట్టబెట్టారు.

ఎండీ గారు చలించిపోయారు. ప్రజల ఆస్తి అరిగిపోవడమా! నాలుగో రోజుకే ఉత్తర్వు వచ్చింది: బెంచీ పరిరక్షణ దృష్ట్యా శ్రీ ధనరాజును సదరు బెంచీ నుండి తొలగించి, ప్రస్తుతం ఖాళీగానున్న గోలుపోస్టుల నడుమ నిలబెట్టడమైనది. దీనిని గోల్‌కీపరు నియామకముగా పరిగణించరాదు. తిరిగి కూర్చున్నచో కఠిన చర్య గైకొనబడును.

మొదటి మ్యాచు తొమ్మిదో తారీఖు. బేసి తేదీ. ఉత్తర్వు ప్రకారం తొమ్మిదిమందీ ధనరాజు ముందు గోడ కట్టుకుని నించున్నారు. అవతలి కొసన, శత్రువుల గోలు దగ్గర, అప్పలనరసమ్మ ఒక్కతే కళ్ళకి గంతలతో, చెంగు బొడ్లో దోపుకుని నించుంది. ఆవిడది ప్రత్యేక నియామకం కాబట్టి తేదీలు వర్తించవు. ఇదేమిటని రిఫరీ అడగబోయాడు. లలితకుమారి గారు పద్నాలుగు పేజీల ఉత్తర్వు చేతిలో పెట్టారు. ఆయన రెండు పేజీలు చదివి ఈల ఊదేశాడు.

అవతలివాళ్ళు కొట్టారు. ధనరాజు పట్టాడు. మళ్ళీ కొట్టారు. ఎడమకి దూకి పట్టాడు. తలతో కొట్టారు, పిడికిలితో గుద్దాడు. ఎనభై నిమిషాలు అదే వరస. గ్యాలరీలో నూకరాజు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. పొరపాటున ఒక్క మాట జారినా లలితకుమారి గారు రాసేసుకుంటారని భయం.

ఎనభై మూడో నిమిషంలో అప్పలనరసమ్మకి నించుని నించుని విసుగొచ్చి నడక మొదలెట్టింది. కళ్ళు కనపడవు కదా, నేరుగా గోలుపోస్టు మీదకే వెళ్ళింది. "అమ్మా, ఆగండమ్మా! ఇనప స్తంభం ఉందక్కడ!" అని అవతలి బ్యాకులిద్దరూ పరిగెత్తారు. వాళ్ళ గోల్‌కీపరు ఇంకా మంచివాడు. ముందుకొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకి నడిపించుకెళ్ళాడు. "ఎవరబ్బాయివి నాయనా, చల్లగా ఉండు," అంటోందావిడ.

ఇవతలనుంచి ధనరాజు ఖాళీ గోలు చూశాడు. బలంకొద్దీ తన్నాడు. బంతి మైదానమంతా దాటి, రెండు గంతులేసి, గోల్లోకి వెళ్ళి పడుకుంది.

కాకినాడ కెరటాలు ఒకటి, అవతలివాళ్ళు సున్నా! నూకరాజు ఏడ్చేశాడు. కామేశం మాస్టారు సుబ్బారాయుణ్ణి ముద్దు పెట్టుకున్నారు. అప్పలనరసమ్మ గంతలు తీసి, "నేను కొట్టేనా?" అని అడిగింది. అందరూ అవునన్నారు.

తర్వాత పది వారాలు జట్టు ఒక్క మ్యాచూ ఓడిపోలేదు. ధనరాజు ఒక్క గోలు పడనివ్వలేదు. గ్యారేజీ మాట జనం మర్చిపోయారు.

అలా ఉండగా ఓ నెలాఖరున, సాయంత్రం నాలుగు గంటలకి లలితకుమారి గారు ఖాళీ రిజిస్టరు పట్టుకుని నూకరాజు దగ్గరికి వచ్చారు. ఆవిడ మొహం వాడిపోయి ఉంది.

"నూకరాజు గారూ, ఒక్క తిట్టు ఇప్పించండి."

"తిట్టడానికేముందండీ? అన్నీ గెలుస్తుంటేనూ!"

"అదేనండి వచ్చిన చిక్కు. ఈ నెల ఒక్క అభిప్రాయమూ రాలేదు. నెల మొత్తం రిజిస్టరు ఖాళీగా ఉంటే, జట్టు మీద ప్రజలకి ఆసక్తి పూర్తిగా నశించినట్టని పైనుంచి కాగితమొచ్చింది. రేపే జట్టు రద్దు. గ్యారేజీవాళ్ళు కొలతల టేపు కూడా తెచ్చుకున్నారు. ఐదింటికి నేను రిజిస్టరు మూసెయ్యాలి." ఆవిడ పెన్ను మూత తీసి పట్టుకున్నారు. "నాక్కూడా ఈ ఆట అలవాటైపోయిందండి."

కొట్టు దగ్గర అందరి మొహాలూ పాలిపోయాయి. పడని గోలుకి జట్టు పోవడమేమిటి!

"లెఫ్ట్ బ్యాకుని ఓ మాటనండి," అన్నారు మాస్టారు.

"వాణ్ణి తీసేస్తే ఇంకెవడున్నాడు మాస్టారూ?"

"పోనీ, బంతి బాలేదందాం," అన్నాడు సుబ్బారాయుడు.

"బంతికి టెండరు పిలుస్తారు. అదొచ్చేదాకా దేంతో ఆడతారు?"

"గడ్డి?"

"మైదానమంతా తవ్వేస్తారు. గ్యారేజీవాళ్ళకి పని తప్పించినట్టవుద్ది."

నాలుగు నలభై అయింది. నాలుగు యాభై అయింది. నూకరాజు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎవర్ని తిడితే వాళ్ళు పోతారు. పోయినా జట్టుకి నష్టం లేని మనిషి ఎవరు? ఆడేవాళ్ళలో లేరు. ఆడించేవాళ్ళలో లేరు. నూకరాజు మెల్లగా తలెత్తాడు.

"రాసుకోండి," అన్నాడు. "మన ఎండీ గారికంటే ఆ సీట్లో ఖాళీ కుర్చీ ఉన్నా నయం."

లలితకుమారి గారి పెన్ను ఆగింది. బుల్లియ్య స్టవ్వు ఆపేశాడు. ఆవిడ ఓసారి గడియారం చూశారు, ఓసారి మైదానం వైపు చూశారు. చక్కటి దస్తూరీతో రాసి, నంబరు వేసి, అప్పుడు అడిగారు.

"కుర్చీకి చేతులుండాలాండీ, లేకపోయినా పర్వాలేదా?"

"మీ ఇష్టమండి," అన్నాడు నూకరాజు.

ఎండీ గారు ఆ కాగితాన్ని మూడుసార్లు చదివారట. తమ సర్క్యులరు తెప్పించుకుని అందులో మినహాయింపు కోసం వెతికారట. 'ఏ అధికారికీ మినహాయింపు లేదు' అని స్వహస్తాలతో గీత గీసి మరీ ఉంది. ఆ నెలకి ఉన్నది ఒక్కటే అభిప్రాయం. పరిష్కరించకపోతే సున్నా శాతం. పరిష్కరిస్తే నూరు శాతం. ఆయన సర్వీసు మొత్తంలో నూరు శాతం అనేదాన్ని కళ్ళతో చూసి ఎరగరు.

"సంస్థ కంటే వ్యక్తి గొప్పవాడా, లలితకుమారి గారూ?" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. "నూటికి నూరు!" సంతకం పెట్టి, కొత్త కుర్చీకి తామే దండ వేసి, ఫోటో తీయించుకుని వెళ్ళిపోయారు. ఈ సాధన గురించి ఉపన్యసించడానికి ఇప్పుడాయన ఊరూరా తిరుగుతున్నారు.

కుర్చీ బాధ్యతలు స్వీకరించిన తర్వాతి ఆదివారం మ్యాచుంది. గ్యాలరీ నిండిపోయింది. ఆట చప్పగా సాగుతోంది. ఇరవయ్యో నిమిషంలో అవతలివాడెవడో నలభై గజాలనుంచి ఓ పనికిమాలిన బంతి దొర్లించాడు. పసిపిల్లలు కూడా ఆపేస్తారు. ధనరాజు వంగాడు. బంతి ఆ చేతుల కిందుగా, రెండు కాళ్ళ మధ్యనుంచి, తాపీగా గోల్లోకి వెళ్ళిపోయింది.

గ్యాలరీ మొత్తం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నూకరాజు దిగ్గున లేచాడు. మెడలో నరాలు ఉబ్బాయి, నోరు తెరుచుకుంది, ఊపిరి గుండెల నిండా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఏమన్నా అంటే ధనరాజు పోతాడు. అతను రెండు వరసల కిందనున్న లలితకుమారి గారి వంక బిక్కచూపు చూశాడు. ఆవిడ ఒళ్ళో రిజిస్టరు తెరిచే ఉంది.

ఆవిడ వెనక్కి తిరిగారు. "అనండి, రాసుకుంటాను. రాసుకోవడం నా పని," అన్నారు. తర్వాత ఆవిడ మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది. "సంతకం పెట్టాల్సింది మాత్రం కుర్చీ కదండీ."

ఆ మాట తలకెక్కడానికి నూకరాజుకి ఒక్క క్షణం పట్టింది.

"ఒరేయ్ ధనరాజూ!" అని మొదలెట్టాడు. వంతెన మీద రిక్షాలు ఆగాయి. "చేతులా అవి, జల్లెళ్ళా? ఉప్పాడ సముద్రం మొత్తం నీ కాళ్ళ మధ్యనుంచి వెళ్ళిపోయినా నీకు తెలీదురా! చేపల బుట్టలెలా పట్టేవురా నువ్వు, చేపలే జాలిపడి ఆగిపోయేవా?"

ఒక్కసారిగా గ్యాలరీ అంతా లేచింది. మాస్టారు కోచ్‌ని అందుకున్నారు. సుబ్బారాయుడు నలుగురు బ్యాకుల్నీ పేరుపేరునా పిలిచాడు. కింద గోల్లోంచి బంతి తీసుకుంటున్న ధనరాజు తలెత్తి, ఆ గొంతు పోల్చుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వి, చెయ్యెత్తి దండం పెట్టాడు.

నూకరాజు కళ్ళు తుడుచుకున్నాడు గానీ కూర్చోలేదు. పది వారాల బాకీ ఉంది మరి.